పలకరింపు వ్యర్థమైన మాటయా?

ధ్యానమునకు: మత్తయి 12:33–37, యోహాను 21:1–17, రూతు 2:4



మన సంఘములలో భక్తిగల పెద్దలు కొందరు తరచుగా ఒక సందేహము వెలిబుచ్చుచుందురు. ప్రయోజనము లేని ప్రతి మాటకును తీర్పునాడు మనము జవాబు చెప్పవలసినవారమని ప్రభువు హెచ్చరించెను గదా (మత్తయి 12:36). అట్లయిన ఆరాధన ముగిసిన పిమ్మట గుడి వాకిట చెట్టు క్రింద నిలుచుండి, "ఏమండీ, కులాసాయేనా? మీ చేలో కోతలయ్యాయా? మనవరాలికి జ్వరం తగ్గిందా?" అని ముచ్చటించుకొనుట విశ్వాసులకు తగునా? ఆ పది నిమిషములు ప్రార్థనలో గడుపుట మేలు కాదా? విస్తారముగా మాటలాడువాడు దోషములో పడునని సామెతల గ్రంథము కూడ చెప్పుచున్నది గదా (10:19)?

ఈ సందేహమును తేలికగా త్రోసివేయరాదు. దీనిని అడుగువారు తమ నోటిని కాచుకొనవలెనను భయము గలవారు. అట్టి భయము మనలో అందరికిని ఉన్నయెడల ఎన్నో ఇండ్లలో తగవులు ఉండవు. అయినను ఈ ప్రశ్నకు సరియైన జవాబు దొరకనిచో, మన సంఘములలోని ఒక గొప్ప లోపము దిద్దబడక నిలిచిపోవును. మన గుడులలో పాటలు వినబడుచున్నవి, ప్రార్థనలు వినబడుచున్నవి. ఇప్పుడు మైకులు కూడ వచ్చినవి గనుక అవి ఊరంతటికిని వినబడుచున్నవి. కాని వెనుక వరుసలో ఒంటరిగా కూర్చుండినవానిని పేరు పెట్టి పలకరించు స్వరము మాత్రము అరుదైపోవుచున్నది. "వందనాలండి" అని చేతులు జోడించి, జవాబు వినకముందే చెప్పులు తొడుగుకొని పోవుచున్నాము.

ఒడ్డున నిలిచిన ప్రభువు

కొల్లేటి లంక గ్రామములలో తెల్లవారుజామున గట్టుమీద నిలుచుండినవారికి ఒక మాట వినబడుచుండును. రాత్రియంతయు వల వేసి వచ్చు దోనె ఒడ్డు చేరకముందే, గట్టుమీదనున్న పెద్దాయన కేక వేసి, "ఏరా అబ్బాయ్, ఏమైనా పడ్డాయా?" అని అడుగును. అడుగువానికి చేపలు కొను ఉద్దేశము ఉండవచ్చును, లేకపోవచ్చును. ఆ మాటలోని అసలు అర్థము వేరు. "నీవు రాత్రంతయు నీళ్లమీదనే యుంటివి, నీ కష్టము నేను చూచితిని, నీవు క్షేమముగా తిరిగి వచ్చుట నాకు సంతోషము." ఇంత సంగతిని ఆ చిన్న మాట మోసికొనిపోవుచున్నది.

తిబెరియ సముద్రపు ఒడ్డున, పునరుత్థానుడైన మన ప్రభువు అలసిన శిష్యులతో పలికిన మొదటి మాట ఇట్టిదే. ఆయన మరణమును జయించి వచ్చినవాడు. సమాధి రహస్యములు చెప్పవచ్చును, పరలోక మహిమను వర్ణింపవచ్చును. పేతురు మూడు మారులు తన్ను ఎరుగనని బొంకిన సంగతిని అప్పుడే ఎత్తవచ్చును. ఆయన అట్లు చేయలేదు. వారిని బిడ్డలని ప్రేమతో పిలిచి, తినుటకు చేపలేమైన దొరికినవా యని అడిగెను. గట్టుమీద నిలుచుండి ఏ పెద్దాయన యైనను అడుగు మాటయే అది.

తరువాత జరిగిన క్రమమును గమనింపుడి. మొదట పలకరింపు. పిమ్మట నిండిన వల, నిప్పులమీద కాలిన చేపలు, రొట్టె. అందరును భోజనము చేసిన తరువాతనే పేతురు హృదయమును తాకు ఆ ప్రశ్న, ప్రేమను గూర్చిన ప్రశ్న, ఆయన అడిగెను. కఠినమైన మాట చెప్పవలసిన దినమున కూడ ప్రభువు చిన్న మాటతో ఆరంభించెను. మనమో, పలకరింపు లేకుండనే బుద్ధి చెప్పుటకు పూనుకొనుచున్నాము. ఏడాది పొడుగున ఒక యువకుని ఇంటి గడప తొక్కనివారము, అతడు తప్పు చేసెనని తెలిసిన దినమున మాత్రము నలుగురము కలిసి పోవుచున్నాము. అతడు మన మాట వినలేదని ఆశ్చర్యపడుట ఎందుకు?

బావియొద్ద అడిగిన నీళ్లు

సమరయ స్త్రీ కథ మన పేటలలో పుట్టినవారికి మరి ఎక్కువగా అర్థమగును (యోహాను 4). మన తాతల కాలములో మనవారు ఊరి బావిలో చేద వేయుటకు వీలులేని దినములు ఉండెను. దూరముగా నిలుచుండి, ఎవరైన దయ దలచి పోయుదురా యని ఎదురుచూచిరి. తెల్లవెండ్రుకలు వచ్చిన మన పెద్దలను ఊరిలోని చిన్నపిల్లలు "ఒరే" అని పిలిచిరి. పలకరింపునకు ఎంత విలువ యున్నదో పుస్తకములు చదివి తెలిసికొనవలసిన అవసరము మనకు లేదు. "అయ్యా" అను ఒక్క మాట కొరకు ఒక తరము ఎట్లు పరితపించెనో మన ఇండ్లలో వినియున్నాము.

అట్టి అడ్డుగోడ యున్న బావియొద్ద ప్రభువు దాహమునకు నీళ్లు అడిగెను. బోధతో ఆరంభింపలేదు, ఆ స్త్రీ బ్రదుకులోని తప్పులతోను ఆరంభింపలేదు. ఎండవేళ ప్రయాణస్థుడు అడుగు మామూలు మాటతో ఆరంభించెను. ఆ మాటలోనే గోడ పగిలెను. ఆమె ఆశ్చర్యపడినది కూడ దానికే. యూదుడైన ఇతడు నాతో మాటలాడుటయా యని. జీవజలమును గూర్చిన గొప్ప బోధ అంతయు ఆ చిన్న మాట తెరచిన ద్వారము గుండ లోపలికి వచ్చెను.

ఒక పెద్ద సభలో అడుగబడిన చిన్న కోరిక

1910 జూన్ మాసములో స్కాట్లాండు దేశమందలి ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ కూడెను. అనేక దేశముల మిషనుల నాయకులు అచ్చట ఉండిరి. వారి యెదుట మన దేశస్థుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు లేచి మాటలాడిరి. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని, మన జనుల మధ్య సువార్త పని చేయుచుండెను. అప్పటికి ఆయన వయస్సు 35 సంవత్సరములు.

ఆయన ఆ సభను ధనము అడుగలేదు, భవనములు అడుగలేదు. మిషనరీల త్యాగమును ఆయన కాదనలేదు. భారతదేశపు సంఘము దానిని ఎన్నటికిని మరువదనెను. కాని తెల్ల దొరలకును దేశీయ సేవకులకును మధ్య స్నేహము కొరవడినదని, కలిసి పని చేయుచున్నను కలిసి కూర్చుండి మనసు విప్పి మాటలాడుకొనుట లేదని బాధతో చెప్పి, మాకు స్నేహితులను ఇయ్యుడని వేడుకొనెను. ఆ మాట కొందరికి కోపము తెప్పించెను. అయినను ఆ సభలో పలుకబడిన ప్రసంగములలో నేటివరకు జ్ఞాపకము చేసికొనబడుచున్నది అదియే. ఆయన 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడెను. తరువాత మన కృష్ణా ప్రాంతపు సంఘములు కూడ ఆయన పర్యవేక్షణ క్రిందికి వచ్చెను.

బడులు కట్టవచ్చును, ఆసుపత్రులు కట్టవచ్చును, బాప్తిస్మములు ఇయ్యవచ్చును. వీటన్నిటి మధ్యను మనుష్యుడు మనుష్యుని పలకరింపకయే యుండవచ్చును. అజరయ్యగారు చూపిన లోపము ఇది. నాడు అది బంగళాకును పేటకును మధ్య నుండెను. నేడు ఆ బంగళాలలో దొరలు లేరు. మరి ఆ లోపము పోయెనా?

నా తప్పు ఒప్పుకొనుచున్నాను

ఇతరులను ప్రశ్నింపకముందు నన్ను నేను ప్రశ్నించుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట కొల్లేటి లంక గ్రామము నుండి ఒక పెద్దామె తన కుమార్తె యొద్ద ఉండుటకు మా ఊరు వచ్చెను. ప్రతి ఆదివారము గుడికి వచ్చి ద్వారము ప్రక్కన కూర్చుండెడిది. నేను ఆమెకు వందనము చెప్పెడివాడను, ఆమెయు చెప్పెడిది. నాలుగు మాసములు ఇట్లే గడచెను. ఆమె పేరు నేను అడుగలేదు.

ఒక ఆదివారము మా సంఘములోని మామ్మగారు ఒకరు ఆమె ప్రక్కన చేరి, "ఏమ్మా, మీ కొల్లేట్లో బొమ్మిడాయిలు ఇంకా దొరుకుతున్నాయా? పులుసులో మామిడికాయ వేస్తారా, చింతపండేనా?" అని అడిగిరి. సంచి సర్దుకొనుచు నేను ఆ మాట విని, దేవుని మందిరములో చేపల పులుసు సంగతులేమిటని లోలోపల విసుగుకొంటిని.

ఆ పెద్దామె ముఖము వికసించెను. "చింతపండేనండి. పొద్దున్న వండితే రాత్రికి తినాలండి, అప్పుడే రుచి" అనెను. పిమ్మట కొంచెము ఆగి, "మా ఆయనకి ఆ పులుసంటే ప్రాణమండి. పోయి ఆరు నెల్లయిందండి" అనెను. మామ్మగారు ఆమె చేయి పట్టుకొనిరి. ఆమె ఏడ్చెను. మా ఊరు వచ్చిన తరువాత పరాయి మనిషి యెదుట ఆమె కన్నీరు విడుచుట అదే మొదటిసారి యని పిమ్మట తెలిసినది.

ఆ ఉదయము సంఘ ప్రార్థన నడిపినవాడను నేనే. విధవరాండ్రను ఆదరింపుమని దేవుని వేడుకొంటిని. విధవరాలు ద్వారము ప్రక్కనే కూర్చుండియుండెను, నాకు తెలియదు. ఆ దినమున మందిరములో ఎవరి మాట వ్యర్థమైనది? పులుసును గూర్చి అడిగిన మామ్మగారిదా, కన్నులు మూసికొని ప్రార్థించిన నాదా?

కాలువ పూడిక

అప్పటినుండి నేను ఈ సంగతిని మన కాలువలతో పోల్చుకొనుచున్నాను. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులును, ఎన్నో మురుగు కాలువలును కొల్లేటిలోనికి నీరు తెచ్చుచున్నవి. ఆ నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరే మార్గము. అది పూడియుండిన యెడల, వచ్చిన నీరు వెడలక ఊళ్లమీదికి ఎక్కును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు, ఆ నీరు కొల్లేటికి చేరి లంక గ్రామముల దారులు మునిగెను. వరద వచ్చిన దినమున పూడిక తీయుటకు ఎవని తరము? కాలువలు కట్టివేసిన ఎండకాలముననే, ఏ ఆపదయు లేనప్పుడే, పూడిక తీసికొనవలెను.

మనుష్యుల హృదయములోనికి కూడ దుఃఖము అనేక ఏరుల నుండి వచ్చి చేరుచున్నది. అప్పు, రోగము, బిడ్డల చింత, మరణము. అది బయటికి పోవుటకు దారి మాట ఒక్కటే. "అన్నం తిన్నారా? కాలినొప్పి ఎట్లుంది?" అని దినదినము పలకరించుకొనువారు ఆ దారి పూడిపోకుండ కాచుచున్నారు. అట్టి ఇంటికి ఆపద వచ్చినప్పుడు తలుపు తట్టుటకు వారికి సంకోచము ఉండదు. వారి మధ్య మాట నడుచుచునే యున్నది గదా. మంచి దినములలో పలకరింపనివాడు చెడ్డ దినమున ఓదార్చుటకు పోయి, ఏమి పలుకవలెనో తెలియక గడపలో నిలిచిపోవును.

2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున అంతుచిక్కని వ్యాధి కలిగి, కొన్ని దినములలోనే 600 మందికి పైగా జనులు మూర్ఛలతోను ఇతర బాధలతోను ఆసుపత్రులపాలైరి. అట్టి వారములో "మీ ఇంట్లో అందరూ బాగున్నారా?" అను మాట వట్టి మర్యాద కాదు. అక్షరములు అవే, నిన్నటివరకు చిన్నవిగా కనబడినవి, నేడు ప్రాణమంత బరువైనవి. ఏ మాట ఎప్పుడు బరువగునో మనకు తెలియదు గనుక, ఏ పలకరింపును చులకన చేయరాదు.

వ్యర్థమైన మాట ఏది?

అట్లయిన ప్రభువు చేసిన హెచ్చరిక మాటేమిటి? ఆయన ఆ మాట ఎవరితో చెప్పెనో చూడుడి. గ్రుడ్డివాడును మూగవాడునైన మనుష్యుడు స్వస్థపడగా, అది దయ్యపు శక్తియని పరిసయ్యులు నిందించిరి. వారికి ఆయన ఇచ్చిన జవాబులో ఈ హెచ్చరిక యున్నది. చేలను గూర్చియు చేపలను గూర్చియు మాటలాడుకొనువారితో కాదు, మేలును కీడని పలికినవారితో ఆయన ఆ సంగతి చెప్పెను. వ్యర్థమైన మాట అనగా చిన్న మాట కాదు, ప్రేమ లేని మాట. పెద్ద మాటయు వ్యర్థము కావచ్చును, దీర్ఘ ప్రార్థనయు వ్యర్థము కావచ్చును.

అయినను జాగ్రత్త అవసరమే. కుళాయియొద్ద ఆరంభమైన ముచ్చట కొండెముగా మారుటకు ఎంతో సేపు పట్టదు. దీనికి ఒక పరీక్ష చెప్పెదను. మీరు ఎవరిని గూర్చి మాటలాడుచున్నారో ఆ మనిషి వచ్చి మీ ప్రక్కన కూర్చుండిన యెడల, మీరు మాట మార్చవలసి వచ్చునా? మార్చవలసి వచ్చినచో అది కొండెము. అతనిని కూడ కలుపుకొని అదే మాట కొనసాగింపగలిగినచో అది స్నేహము. చేసిన ఉపకారమును ఎత్తిచూపుటయు, నవ్వుచు ఎత్తిపొడుచుటయు కూడ పలకరింపులు కావు.

వేళయు ఎరుగవలెను. దుఃఖించువాని యెదుట పాటలు పాడువానిని, తెల్లవారకముందే లేచి బిగ్గరగా స్నేహితుని దీవించువానిని సామెతల గ్రంథము మెచ్చుకొనలేదు (25:20, 27:14). యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద అతనితో మౌనముగా కూర్చుండినప్పుడే మేలు చేసిరి. నోరు తెరచిన పిమ్మట గాయపరచిరి. కొన్ని ఇండ్లలో ప్రక్కన కూర్చుండుటయే పలకరింపు.

త్రోవలో ఎవరిని కుశలమడుగవద్దని ప్రభువు డెబ్బదిమందికి ఆజ్ఞాపించెను గదా యని ఎవరైన అడుగవచ్చును (లూకా 10:4). అది కోత పని తొందర గలది గనుక దారిలో ఆలస్యము చేయకుండుటకు ఇచ్చిన ఆజ్ఞ. ఆ వెంటనే, ఏ ఇంట ప్రవేశించినను మొదట ఆ ఇంటికి సమాధానము కోరవలెనని ఆయన చెప్పెను. చేరవలసిన ఇంటి పలకరింపు కొరకే దారిలోని పలకరింపు ఆపబడెను.

మనవారిని మాత్రమేనా?

ఇప్పుడు అన్నిటికంటె కష్టమైన సంగతి. తన సహోదరులను మాత్రమే పలకరించువానికి విశేషమేమియు లేదని ప్రభువు కొండమీద బోధించెను (మత్తయి 5:47). ఈ త్రాసులో మనము ఎంత తూగుదుము? మన ప్రాంతములో లూథరన్ వారు, సి.ఎస్.ఐ. వారు, బ్రదరన్ వారు, పెంతెకొస్తు వారు ఒకే వీధిలో ఉన్నారు. ఒకరి పండుగకు ఒకరు పోవుట అరుదు. అంతకంటె సిగ్గుపడవలసినది, ఒకే ప్రభువు బల్లయొద్ద మోకరించినవారు గుడి బయటికి రాగానే, ఏ పేటవారు ఆ పేటవారితోనే గుంపుగా నిలుచుండుట. ఊరు మన తాతలను పలకరింపలేదని మనము నేటికిని బాధపడుచున్నాము. అట్టి మనము మరొక పేటవానిని పలకరింపకపోవుట ఏ న్యాయము? పస్తులుండినవాడు అన్నము విలువ ఎరిగి ఇతరులకు పెట్టవలెను గాని, తాను పొందిన పస్తును ఇతరులకు పంచిపెట్టరాదు. మన ప్రక్కనున్న హిందూ, ముసల్మాను పొరుగువారి విషయములోను ఇదే మాట. సువార్త చెప్పవలెనన్నప్పుడే వారి గుమ్మము ఎక్కువాడు వారికి స్నేహితుడు కానేరడు.

రోమా సంఘమునకు వ్రాసిన పత్రికలో పౌలు విశ్వాసమును గూర్చి ఎంతో లోతైన బోధ చేసి, చివరి అధ్యాయములో 20 మందికి పైగా విశ్వాసులను పేరు పేరున పలకరించెను. వారిలో స్త్రీలును ఉన్నారు, దాసులుగా ఉండదగిన పేర్లు గలవారును ఉన్నారు. ఆ పేర్ల పట్టికను మనము చదువక దాటిపోవుచున్నాము. కాని మొదటి అధ్యాయములలో చెప్పిన కృప సంఘములో ఎట్లు నడుచునో చివరి అధ్యాయములోనే కనబడుచున్నది.

మనము చేయవలసినది

ఇది ధనము అక్కరలేని పరిచర్య, చదువు రానివారును చేయగల పరిచర్య. బోయజు పొలమునకు వచ్చినప్పుడు పని లెక్క అడుగకముందే కోత కోయువారికి దేవుని తోడు కోరి పలకరించెను; వారును ఆయనకు దీవెన కోరిరి. మీ చేలో నాట్లకు వచ్చిన కూలి అక్కచెల్లెండ్రను మీరు ఎట్లు పలకరించుచున్నారు? తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టుకు కర్నూలు నుండియు మహారాష్ట్ర నుండియు లారీలు వచ్చుచున్నవి. ఇల్లు విడిచి వచ్చిన ఆ డ్రైవరును, బస్తాలు మోయు కూలివానిని, "ఏ ఊరు నాయనా, టీ తాగావా?" అని అడుగుటకు ఎంత ఖర్చగును?

వచ్చు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, మీకు పేరు తెలియని ఒక్కరి యొద్దకు పోవుడి. చేతిలోని ఫోను సంచిలో పెట్టుడి. ఒక్క ప్రశ్న అడుగుడి. జవాబు ముగియువరకు కదలకుడి. ఆ మాట చేపల పులుసును గూర్చినదైనను సరే, వర్షమును గూర్చినదైనను సరే. అది ఎచ్చటికి పోయి చేరునో దేవునికి తెలియును.

ప్రార్థన: ఒడ్డున నిలిచి అలసినవారిని పలకరించిన ప్రభువా, నీ పేరట కూడుకొని ఒకరి పేరు ఒకరు ఎరుగని మా తప్పు క్షమింపుము. మా నోటికి ప్రేమను, మా చెవులకు ఓర్పును అనుగ్రహింపుము. ద్వారము ప్రక్కన కూర్చుండినవారిని చూచు కన్నులు మాకు దయచేయుము. ఆమేన్.